డబ్బాలోంచి ఇనుము మీదికి: స్ప్రే పెయింటింగులో రంగు ఎక్కడ పోతోంది?

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో వార్ధా నదికి ఇరువైపులా, రాజురా, గడ్‌చాందూర్ మొదలుకొని బల్లార్షా, ఘుగ్గూస్ దాకా, బొగ్గు గనులనూ సిమెంటు కర్మాగారాలనూ థర్మల్ విద్యుత్ కేంద్రాన్నీ నమ్ముకొని నడిచే ఫ్యాబ్రికేషన్ షెడ్లు చాలా ఉన్నాయి. కన్వేయర్ గ్యాంట్రీలు, హాపర్లు, రెయిలింగులు, టిప్పర్ల బాడీలు ఈ షెడ్లలోనే వెల్డింగు పూర్తి చేసుకొని, ఇక్కడే రంగు వేయించుకొని బయటికి వెళ్తాయి. ఈ షెడ్లలో గన్ను పట్టేవాళ్లలో సిర్పూర్, ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లూ, తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్లూ కనిపిస్తారు. పని ముగిసిన రోజున యజమాని ఖాళీ డబ్బాలు లెక్కబెట్టి, "మేస్త్రీ, రెండు డబ్బాలు ఎక్కువ ఎందుకు పోయాయి?" అని అడగడం, "గాలి బాగా వీచింది సార్" అని మేస్త్రీ చెప్పడం, మాట అక్కడితో ఆగిపోవడం చాలా షెడ్లలో మామూలే. ఆ రెండు డబ్బాలూ నిజంగా ఎటు పోయాయో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి తెలియకపోవడం వల్ల యజమానికి డబ్బు, పెయింటరుకు మాట, పక్కన పనిచేసే వెల్డరుకు ఊపిరితిత్తులు నష్టపోతున్నాయి కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందు అసలు ఎంత రంగు పట్టాలో తెలియాలి. ప్రతి పారిశ్రామిక పెయింటుకూ కంపెనీ ఇచ్చే సాంకేతిక పత్రంలో ఘనపదార్థాల పరిమాణ శాతం అని ఒక అంకె ఉంటుంది. డబ్బాలో ఉన్న ద్రవంలో ఆవిరి కాగల ద్రావకం పోగా, చివరికి పొరగా మిగిలే భాగం ఎంతో ఆ అంకె చెబుతుంది. ఆ శాతాన్ని పదితో గుణించి, కావలసిన పొర మందంతో, అంటే మైక్రాన్లతో (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యో వంతు), భాగిస్తే ఒక లీటరు ఎన్ని చదరపు మీటర్లకు రావాలో తెలుస్తుంది. 60 శాతం ఘనపదార్థాలున్న ఎపాక్సీ ప్రైమర్‌ను 75 మైక్రాన్ల మందంతో వేయాలంటే లీటరుకు ఎనిమిది చదరపు మీటర్లు వస్తుంది. 400 చదరపు మీటర్ల పనికి, చుక్క కూడా వృథా కాని పక్షంలో, 50 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు రెండున్నర చాలు. వాస్తవంలో ఎవరికీ 50 లీటర్లతో పని పూర్తి కాదు. అయితే 65 లీటర్లతో ముగిసిన షెడ్డుకూ 90 లీటర్లు పట్టిన షెడ్డుకూ మధ్య ఉన్న తేడాను గాలి మీద తోసేయడం కుదరదు.

ఆ 90 లీటర్ల పనినే ఉదాహరణగా తీసుకుందాం. ఎక్కువ పట్టిన 40 లీటర్లూ తుంపరగా ఎగిరిపోయాయని అందరూ అనుకుంటారు, ఎందుకంటే కంటికి కనిపించే వృథా అదొక్కటే. రంగు ఎండిన తర్వాత మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే సగటున 105 మైక్రాన్లు వచ్చిందనుకోండి. కావలసిన 75 కంటే అది 40 శాతం ఎక్కువ. అంటే 50 లీటర్లు ఉండాల్సిన చోట ఇనుము మీద 70 లీటర్ల రంగు కూర్చుంది. గొట్టాల్లోనూ డబ్బాల అడుగునా మూడు లీటర్లు మిగిలిపోయాయనుకుంటే, గాలిలోకి పోయింది 17 లీటర్లు మాత్రమే. ఈ విభజన చేయకుండా గన్ను మార్చినా, మనిషిని మార్చినా, ఆ 20 లీటర్ల అదనపు పొర అలాగే కొనసాగుతుంది. కాబట్టి వృథాను గాలిలో పోయేది, ఇనుము మీద అవసరానికి మించి కూర్చునేది, డబ్బాలోనూ గొట్టంలోనూ పాడయ్యేది అని మూడు ఖాతాలుగా రాసుకోవాలి. మూడింటికీ కారణాలు వేరు, మందులు కూడా వేరు.

గాలిలో పోయే భాగం సంగతి ముందు చూద్దాం. గన్ను నుంచి బయటికి వచ్చిన ఘనపదార్థంలో వస్తువు మీద అతుక్కునే శాతాన్ని బదిలీ సామర్థ్యం అంటారు. మామూలు ఎయిర్ స్ప్రే గన్నులో ఇది తరచుగా 25 నుంచి 40 శాతం మధ్యే ఉంటుంది. అంటే రంగులో సగానికి పైగా వస్తువును చేరదు. అధిక పీడనంతో వచ్చే గాలి రంగును చిన్న బిందువులుగా విడగొట్టిన తర్వాత, అదే గాలి ఇనుప పలకకు కొట్టుకొని వెనక్కి మళ్లుతూ ఆ బిందువుల్లో తేలికైనవాటిని తనతో తీసుకుపోతుంది. దీనికి విరుగుడుగా వచ్చిన హెచ్‌వీఎల్‌పీ గన్నులో గాలి పరిమాణం ఎక్కువ, ఎయిర్ క్యాప్ దగ్గర, అంటే గన్ను మూతి దగ్గర, పీడనం మాత్రం చదరపు అంగుళానికి 10 పౌండ్లకు, అంటే 10 పీఎస్‌ఐకి మించదు. బిందువులు నెమ్మదిగా వెళ్లి అతుక్కోవడం వల్ల సామర్థ్యం 65 శాతం దాకా చేరుతుంది. అయినా మన షెడ్లలో ఈ గన్ను కొన్న చాలామంది కొద్ది రోజులకే పక్కన పెట్టేశారు. వాళ్లు చెప్పే ఫిర్యాదు నిజమే, రంగు సరిగా విడగదు, ఉపరితలం నారింజ తొక్కలా వస్తుంది. కారణం చాలాసార్లు కంప్రెసర్‌లో ఉంటుంది. ఈ గన్నులు నిమిషానికి సాధారణంగా 10 నుంచి 20 ఘనపు అడుగుల గాలి అడుగుతాయి. రెండు హార్స్‌పవర్ల చిన్న కంప్రెసర్ అంత గాలిని నిలకడగా ఇవ్వలేదు. పైగా పీడనాన్ని రెగ్యులేటర్ దగ్గర చూసి సరిపెట్టుకుంటారు. సన్నని పొడవాటి గొట్టంలో ప్రయాణించేటప్పుడు పీడనం బాగా పడిపోతుంది కాబట్టి, ట్రిగ్గర్ నొక్కి ఉంచి గన్ను పిడి దగ్గర కొలిచిందే అసలు అంకె. కంప్రెసర్‌నూ గొట్టాన్నీ మార్చే ఉద్దేశం లేకుండా గన్ను ఒక్కటే కొనడం డబ్బు దండగ.

పెద్ద నిర్మాణాలకు ఇక్కడ ఎక్కువగా వాడేది ఎయిర్‌లెస్ యంత్రం. ఇందులో గాలి కలవదు. పంపు రంగునే అధిక పీడనంతో సన్నని రంధ్రం గుండా నెడుతుంది. బల్లపరుపు పలకల మీద ఇది చక్కగా పనిచేస్తుంది. ఇబ్బంది టిప్పు, అంటే ఆ రంధ్రం ఉన్న మొన, ఎంపికలో వస్తుంది. టిప్పు మీద ఉండే మూడంకెల సంఖ్యను చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. 517 అని ఉంటే, మొదటి అంకెను రెట్టింపు చేయగా వచ్చిన 10 అంగుళాలు, అడుగు దూరం నుంచి కొట్టినప్పుడు పడే పట్టీ వెడల్పు. చివరి రెండంకెలు రంధ్రం పరిమాణం, అంగుళంలో వెయ్యో వంతుల్లో 17. ఇప్పుడు ఇదే 517 టిప్పుతో 50 మిల్లీమీటర్ల యాంగిల్‌తో చేసిన రెయిలింగుకు రంగు కొడుతున్న మనిషిని ఊహించుకోండి. పట్టీ వెడల్పు 250 మిల్లీమీటర్లు, దాన్ని అందుకునే ఇనుము 50 మిల్లీమీటర్లు. ఎంత నేర్పరి కొట్టినా ఐదింట నాలుగు వంతులు యాంగిల్ పక్కనుంచి దాటిపోతాయి. రెండుతో మొదలయ్యే టిప్పు వేస్తే పట్టీ 100 మిల్లీమీటర్లకు తగ్గి, కనీసం సగం ఇనుము మీద పడుతుంది. నా అభిప్రాయంలో ఇలాంటి రెయిలింగులకు, సన్నని బ్రేసింగులకు అసలు స్ప్రేయే అనవసరం. బ్రష్షుతోనో చిన్న రోలరుతోనో వేస్తే కూలి కొంత పెరిగినా, ఖరీదైన ఎపాక్సీ విషయంలో మొత్తం ఖర్చు తగ్గుతుంది. ఎలాగూ అంచులకూ వెల్డింగు అతుకులకూ ముందుగా బ్రష్షుతో ఒక పూత వేయడం మంచి పద్ధతి. అది మానేస్తే, ఆ అంచులు కప్పడం కోసం పలక మొత్తానికి ఒక పూత ఎక్కువ కొట్టాల్సి వస్తుంది.

అరిగిపోయిన టిప్పు చేసే నష్టం ఎవరి లెక్కలోకీ రాదు. రంగులోని పిగ్మెంటు ఇసుక కాగితంలాగే రంధ్రాన్ని అరగదీస్తుంది. రంధ్రం పెద్దదయ్యే కొద్దీ పట్టీ వెడల్పు తగ్గుతుంది, బయటికి వచ్చే రంగు మాత్రం పెరుగుతుంది. తక్కువ చోట ఎక్కువ రంగు పడి కారిపోతుంటే మేస్త్రీ చేయి వేగం పెంచుతాడు, ఆ తొందరలో పూత ఎగుడుదిగుడుగా వస్తుంది. పరీక్ష చాలా సులువు. ఒక అట్టముక్కను నిలబెట్టి, అడుగు దూరం నుంచి గన్నును కదపకుండా క్షణం పాటు కొట్టి, పడిన పట్టీని టేపుతో కొలవాలి. కొత్తగా ఉన్నప్పటి వెడల్పులో నాలుగో వంతు తగ్గిపోయి ఉంటే ఆ టిప్పును మార్చాల్సిందే. 10 అంగుళాలు కొట్టాల్సినది ఏడున్నర కొడుతోందంటే, దాన్ని ఇంకో వారం వాడుకోవడం వల్ల మిగిలే డబ్బు కంటే పోయే రంగు ఎక్కువ. పీడనం సంగతి కూడా ఇదే అట్ట మీద తేలుతుంది. తక్కువ పీడనంతో మొదలుపెట్టి, పట్టీ రెండు చివరలా తోకల్లా కనిపించే మందపు చారలు మాయమయ్యేదాకా పెంచి అక్కడ ఆగాలి. దానికి మించిన పీడనం తుంపరను పెంచుతుంది, టిప్పును త్వరగా అరగదీస్తుంది.

చేతి విషయానికి వస్తే, ఎయిర్ గన్నుకు 15 నుంచి 20 సెంటీమీటర్లు, అంటే జానెడు కంటే కాస్త తక్కువ దూరం, ఎయిర్‌లెస్‌కు అడుగు దూరం సరిపోతుంది. గన్ను పలకకు లంబంగా ఉండాలి, మణికట్టు తిప్పకుండా భుజం కదలాలి. అర్ధచంద్రాకారంలో తిప్పేవాళ్ల పూత మధ్యలో మందంగా, చివర్లలో పలుచగా ఉండి, ఆ చివర్లలోనే రంగు గాలిలోకి జారిపోతుంది. ప్రతి వరసా ముందు వరసను సగం కప్పాలి. చేయి కదిలిన తర్వాతే ట్రిగ్గర్ నొక్కాలి, చేయి ఆగకముందే వదలాలి. అమెరికాలోని నార్తర్న్ అయోవా విశ్వవిద్యాలయంలో పెయింటర్లకు శిక్షణ ఇవ్వడానికి గన్నుకు లేజర్ పరికరాన్ని బిగించే పద్ధతి తెచ్చారు. రెండు కిరణాలు పలక మీద ఒకే చుక్కగా కలిస్తే దూరం సరిగ్గా ఉన్నట్టు, విడిపోతే తప్పినట్టు. అంత పరికరం లేకపోయినా, కొత్తగా చేరిన కుర్రాడికి ఖాళీ గన్నుతో అట్ట ముందు ఒక పూట సాధన చేయించడం ఏ షెడ్డుకైనా సాధ్యమే.

ఇక ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఎండ. మే నెలలో చంద్రపూర్‌లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆరుబయట పడి ఉన్న పలక గాలి కంటే చాలా ఎక్కువగా కాలుతుంది. ఆ వేడిలో బిందువు గన్నుకూ పలకకూ మధ్యలోనే ద్రావకాన్ని కోల్పోయి, తడి లేని పొడిగా వచ్చి పడుతుంది. అది పూతలో కలవదు. సాయంత్రం చేత్తో రుద్దితే గరుకుగా తగిలి, కొంత రాలిపోతుంది. ఆ గరుకును ఇసుక కాగితంతో రుద్ది మళ్లీ పూత వేయాల్సిందే కాబట్టి నష్టం రెండింతలు. దీనికి చాలామంది చేసే చికిత్స థిన్నర్ ఎక్కువ పోయడం, అది కూడా డిసెంబరులో పోసిన థిన్నర్‌నే. నిజానికి వేడి గోదాములో ఉన్న పెయింటు దానంతట అదే పలుచబడి ఉంటుంది. బీ4 కప్పులో, అంటే అడుగున రంధ్రంతో రంగు చిక్కదనం కొలిచే కప్పులో, పోసి, అది కారిపోవడానికి పట్టే సెకన్లు లెక్కపెట్టి చూస్తే, శీతాకాలంలో కలిపినంత థిన్నర్ ఇప్పుడు అక్కర్లేదని తెలుస్తుంది. కలపక తప్పనప్పుడు నెమ్మదిగా ఆరే రకం థిన్నర్‌ను, అది కూడా పెయింటు కంపెనీ సూచించినదాన్నే, దాని పత్రంలో చెప్పిన శాతానికి లోబడి వాడాలి. థిన్నర్ ఎంత పోసినా చివరికి అదంతా ఆవిరయ్యేదే. లీటర్లు పెరిగినట్టు కనిపిస్తుంది, పొర పెరగదు. అన్నిటికంటే బాగా పనిచేసే మార్గం వేళ మార్చడం. ఇనుమును ముందు రోజు సాయంత్రమే నీడకు చేర్చి, తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరక ముందే ఆపితే, గాలి కూడా నెమ్మదిగా ఉంటుంది. వర్షాకాలంలో లెక్క మారుతుంది. తేమ 85 శాతం దాటినా, ఇనుము ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ లేకపోయినా పని మొదలుపెట్టకూడదు. కంటికి కనిపించని చెమ్మ మీద వేసిన పూత తర్వాత పొక్కులు లేస్తే, గీకి పారేసేది పూర్తి పూతను.

రెండో ఖాతా, అవసరానికి మించిన మందం, భయం నుంచి పుడుతుంది. తనిఖీకి వచ్చే ఇంజినీరు మీటరు పెట్టినప్పుడు ఒక్క చోట 70 వస్తే మొత్తం తిరస్కరిస్తాడేమోనని మేస్త్రీ అన్ని చోట్లా 110 కొడతాడు. ప్రమాణాలు అంత కఠినంగా లేవు. ఒప్పందంలో పూత మందం తనిఖీకి వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 19840 ప్రకారం అని ఉంటే, కొలతల సగటు కావలసిన మందానికి తగ్గకూడదు, ఏ ఒక్క కొలతా అందులో 80 శాతానికి తగ్గకూడదు, ఆ 80 శాతానికీ పూర్తి మందానికీ మధ్య పడే కొలతలు మొత్తంలో 20 శాతానికి మించకూడదు. అంటే 75 మైక్రాన్ల పనిలో అక్కడక్కడా 65 కనిపించినా, సగటు సరిగ్గా ఉంటే పూత నెగ్గుతుంది. ఈ సంగతి మేస్త్రీకి ముందే చెప్పి, చేతికి తడి పొర గేజీ ఇవ్వాలి. పళ్లున్న ఆ చిన్న లోహపు ముక్కను తడి రంగులో నిలువుగా గుచ్చి తీస్తే, ఏ పన్ను దాకా రంగు అంటిందో అంత తడి మందం. 75 మైక్రాన్ల పొడి పొరకు, 60 శాతం పెయింటులో, 125 తడి మైక్రాన్లు కావాలి. పదో వంతు థిన్నర్ కలిపి ఉంటే సుమారు 138. ఈ రెండు అంకెలను షెడ్డు గోడ మీద పెద్దగా రాసి పెడితే, పని జరుగుతుండగానే చేయి సర్దుకుంటుంది. ఎండిన తర్వాత మీటరు చెప్పేది జరిగిపోయిన సంగతి.

మూడో ఖాతాలో ప్రధానమైనది రెండు భాగాల పెయింటు. బేసులో (అసలు రంగులో) హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపిన క్షణం నుంచి దాని పాట్ లైఫ్, అంటే గడ్డకట్టకుండా వాడుకోగల సమయం, తరగడం మొదలవుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే అది దాదాపు సగమవుతుందని ఒక అంచనా. డబ్బా మీద 30 డిగ్రీల దగ్గర నాలుగు గంటలని ఉంటే, మన మే మధ్యాహ్నం రెండు గంటలు కూడా దక్కకపోవచ్చు. ఎక్కువ మొత్తం ఒకేచోట కలిపితే రసాయన చర్యలో పుట్టే వేడి బయటికి పోలేక ఇంకా త్వరగా గడ్డకడుతుంది. భోజనానికి వెళ్లే ముందు డబ్బా నిండా కలిపి పెట్టడం కంటే ఖరీదైన అలవాటు ఈ పనిలో మరొకటి లేదు. గొట్టం గురించి కూడా ఆలోచించాలి. పావు అంగుళం లోపలి వ్యాసమున్న 15 మీటర్ల గొట్టంలో దాదాపు అర లీటరు రంగు నిలుస్తుంది. దాన్నే 3/8 అంగుళం గొట్టానికి మారిస్తే లీటరు దాటుతుంది. రోజుకు మూడు రంగులు మార్చే షెడ్డులో ఆ నిల్వా, దాన్ని కడిగే థిన్నరూ కలిపి నెల తిరిగేసరికి పెద్ద మొత్తమే అవుతుంది. లేత రంగుల పనులు ముందు, ముదురు రంగులవి తర్వాత పెట్టుకొని, గొట్టాన్ని పనికి సరిపడేంత పొడవుకే పరిమితం చేస్తే ఇది చాలావరకు తగ్గుతుంది.

ఎలక్ట్రికల్ ప్యానెళ్లు, బీరువాలు, మంచాల వంటి ఒకే రకం వస్తువులు పదేపదే చేసే చిన్న యూనిట్లకు పౌడర్ కోటింగు, అంటే పొడి రంగును విద్యుత్ ఆవేశంతో వస్తువుకు అంటించే పద్ధతి, మంచి దారి. వస్తువుకు అంటని పొడిని పట్టి మళ్లీ వాడుకోగలిగితే 95 శాతానికి పైగా పొడి పనికొస్తుంది. అక్కడ నష్టం ఎక్కువగా వేలాడదీసే కొక్కేల దగ్గర జరుగుతుంది. పాత పూత పేరుకున్న కొక్కెం వస్తువును ఎర్తుకు సరిగా కలపదు. ఆకర్షణ తగ్గిన పొడి నేల పాలవుతుంది. కొక్కేలను క్రమం తప్పకుండా శుభ్రం చేయడం మినహా దీనికి ఇంకో ఖర్చు లేదు.

గాలిలోకి పోయిన రంగు అక్కడితో ముగిసిపోదు. రెండు భాగాల పాలీయురెథేన్ పూతల హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీల్చినవాళ్లకు వదలని ఉబ్బసం రావచ్చు, ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొద్ది మోతాదు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. ముఖానికి కట్టుకున్న రుమాలు దీన్ని ఆపలేదు. రుమాలు కట్టుకొని స్ప్రే చేస్తున్న మనిషిని చూసి, ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా అని ఊరుకోవడం అన్యాయం. గాలి సరఫరా చేసే ముసుగు ఇవ్వడం యజమాని బాధ్యత. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు, పారిశ్రామికంగా పెయింటు వాడే చోట పుట్టే అవశేషాలనూ మడ్డినీ మొదటి షెడ్యూలులో చేర్చాయి. వాటిని చెత్తకుప్పలోనో వాగు ఒడ్డునో పోయడానికి వీల్లేదు, మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచడానికీ వీల్లేదు, మహారాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న చోటికే పంపాలి. అంటే గాలిలోకి పోయి నేలమీద పేరుకున్న ప్రతి కిలోకూ యజమాని రెండుసార్లు చెల్లిస్తున్నాడు, కొన్నప్పుడు ఒకసారి, వదిలించుకునేటప్పుడు మరోసారి.

ఇన్ని పద్ధతులు తెలిసినా చాలా షెడ్లలో వృథా తగ్గకపోవడానికి కారణం కూలి ఒప్పందంలో ఉందని నా నమ్మకం. రంగు యజమానిది, కూలి చదరపు మీటరు లెక్కన అయితే, మేస్త్రీకి లాభం వేగంలోనే ఉంది. పెద్ద టిప్పు, పెద్ద పీడనం అతనికి సహజమైన ఎంపిక. రంగుతో సహా మొత్తం పని గుత్తకిస్తే ఒత్తిడి అవతలి వైపుకు మళ్లి, పూత పలుచనవుతుంది, రెండు వానలకే తుప్పు బయటపడుతుంది. మధ్యే మార్గం ఒకటి ఉంది. ప్రతి పనికీ ముందే లెక్క ప్రకారం పట్టాల్సిన లీటర్లు రాసి, దాని మీద ఒప్పుకున్న నష్ట శాతం కలిపి, అంత రంగే గోదాములోంచి ఇవ్వాలి. ఆ శాతం పలకల పనికి ఒకటి, యాంగిళ్ల పనికి వేరొకటి ఉండాలి, రెండింటినీ ఒకే గాట కట్టకూడదు. రిజిస్టరులో పని పేరు, విస్తీర్ణం, ఇచ్చిన లీటర్లు, తిరిగి వచ్చిన లీటర్లు, ఆనాటి ఉష్ణోగ్రత, టిప్పు నంబరు, మందం సగటు ఒకే వరసలో ఉండాలి. మిగిల్చిన రంగు విలువలో మేస్త్రీకి వాటా ఇవ్వాలి, అయితే మందం కొలతల కాగితం మీద తనిఖీ చేసినవారి సంతకం పడిన తర్వాతే ఇవ్వాలి.